డాక్టరు మూట

తిమ్మక్క ఇంటి అటక మీద ఆరు మూటల వేరుశనగ కాయలున్నాయి. ఐదు విత్తనానికి, ఆరోది డాక్టరుకు. డాక్టరు మూట మూతికి ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉంటుంది, పొరబాటున కూడా ఎవరూ చెయ్యి పెట్టకుండా. పదహారేళ్లుగా ఇదే వరస. పోయినేడు చేను పూత మీద ఉన్నప్పుడు వాన మొహం చాటేసింది. చెట్టు పీకితే నాలుగు కాయలు రాలితే గొప్ప. అలాంటి ఏడాది కూడా ఆమె ముందు డాక్టరు మూట నింపి, ఆ తర్వాతే విత్తనం సంగతి చూసుకుంది.

"మనకు విత్తనానికే చాలకపాయ. మేడలో ఉండే ఆయప్పకు మన శెనిక్కాయలెందుకు మే?" అని ఆమె మొగుడు నారాయణ అప్పుడే అడిగాడు.

"ఆయప్ప లేకుంటే నేను యాడుందును? మట్టిలో ఉందును," అంది తిమ్మక్క.

టౌన్లో నర్సింగ్ హోమ్ పెట్టుకున్న ఆ డాక్టరు చేసిన మేలు ఇది: తిమ్మక్క ఇరవై ఎనిమిదేళ్లప్పుడు కడుపునొప్పితో, ఆగని ముట్టుతో ఆయన దగ్గరికి వెళితే, గర్భసంచికి క్యాన్సర్ పట్టుకునేటట్టుందని చెప్పి తీసేశాడు. ప్రాణం నిలబెట్టాడు. ఆ ఆపరేషన్ కాగితాల కవరు ఆమె దేవుని గూట్లో, వెంకటరమణస్వామి పటం వెనకాల పెట్టుకుంది. పండగలకు పటానికి కుంకుమ పెట్టినప్పుడల్లా కవరుకూ ఒక బొట్టు పెడుతుంది. దేవుడు కనపడడు, డాక్టరు కనపడినాడు కదా అని ఆమె లెక్క.

ఇప్పుడు వంతు కోడలు రేఖకు వచ్చింది. రేఖకు ఇరవై మూడు. మూడేళ్ల పాప ఒక్కతే. నాలుగు నెలలుగా తెల్లబట్ట, నడుము నొప్పి, నెలకు రెండుసార్లు ముట్టు. తిమ్మక్కే దగ్గరుండి అదే నర్సింగ్ హోముకు తీసుకుపోయింది. జుట్టు తెల్లబడిందేగానీ అదే డాక్టరు, అదే మాట. సంచి చెడిపోయింది, ఉంచితే ఎప్పటికైనా క్యాన్సరే, సర్కారు కార్డు మీద ఉచితంగా చేసేస్తాం. రేఖ మొగుడు ఓబిలేష్ నిలబడినచోటే సంతకం పెట్టేశాడు. రేఖను ఎవరూ ఏమీ అడగలేదు. అడగాలని అక్కడున్న ఒక్కరికీ తట్టలేదు, తిమ్మక్కకు కూడా.

ఆపరేషన్ సోమవారం అన్నారు. రేఖ ఒంట్లో రక్తం తక్కువుంది కాబట్టి ఆలోగా సర్కారు ఆసుపత్రిలో రక్తం ఎక్కించుకుని రమ్మన్నారు. సోమవారం పోయేటప్పుడు డాక్టరు మూట కూడా తీసుకుపోదామని తిమ్మక్క అనుకుంది.

శుక్రవారం పొద్దున అత్తాకోడళ్లు సర్కారు ఆసుపత్రికని ఉరవకొండ బస్సెక్కారు. తిమ్మక్క సంచిలో సద్దిగిన్నె, దానికింద బొట్ల కవరు. సర్కారు డాక్టర్లు వంద ప్రశ్నలేస్తారు, మా ఇంట్లో ఆడవాళ్లకు ఈ జబ్బు ఉండేదే అని చూపించడానికి పనికొస్తుందని పెట్టుకుంది.

దోవ పొడుగునా దున్నిపెట్టిన చేలు. ఎర్రమట్టి గడ్డలు ఎండి వాన కోసం పడి ఉన్నాయి. రేఖ కిటికీ పక్కన కూర్చుంది.

"అత్తా, నాకు భయమయితాంది."

"భయమెందుకు మే? నన్ను చూడు. నేను బతికి లేనా?"

రేఖ చూసింది. నలభై నాలుగేళ్లకే తిమ్మక్క నడుము వంగిపోయింది. కూర్చుంటే లేవడానికి ఏదో ఒకటి పట్టుకోవాలి. చలికాలం కూడా ఉన్నట్టుండి ఒళ్లంతా చెమటలు పట్టి, కొంగుతో విసురుకుంటూ అరుగు మీద కూర్చుంటుంది.

"నాకు ఇంకొకరు కావాల అత్తా. పాపకు తోడు. నీ కొడుకుతో చెప్పినా. ఇనల్యా."

"పానం ముఖ్యమా, బిడ్డ ముఖ్యమా? సుంకమ్మ గూడా అప్పుడు ఇట్లనే ఏడ్చింది. ఇప్పుడు చూడు, దిట్టంగా ఉండాది."

సుంకమ్మది వాళ్ల పక్క చేను. ఏడేళ్ల కింద ఆమెను ఆ నర్సింగ్ హోముకు తీసుకుపోయింది తిమ్మక్కే. సుంకమ్మ ఒక్కతే కాదు, ఊళ్లో నాలుగిళ్ల ఆడవాళ్లను తీసుకుపోయింది. కడుపునొప్పి అంటే చాలు, చెయ్యి పట్టుకుని బస్సెక్కించేది. అందులో ఆమెకు ఒరిగేదేమీ లేదు. తను బతికింది, వాళ్లూ బతకాలని, అంతే.

"అత్తా," అంది రేఖ మళ్లీ. "నాకు గూడా తీసేస్తే మనింట్లో మొదటి సాలు ఎవురు పోస్తారు?"

చేనంతా ట్రాక్టరుతో విత్తినా ఆ ఇంట్లో మొదటి మూడు సాళ్లు ఎద్దులు కట్టిన మడకతోనే వేస్తారు. ముందు మగవాడు మడక పట్టుకుని పోతుంటే, వెనక ఆ ఇంటి ఆడది ఒడినిండా విత్తనం కట్టుకుని సాల్లో గింజలు వదులుతూ నడవాలి. సంచి తీసేసిన ఆడదాని ఒడిలో గింజ మొలవదని వాళ్ల నమ్మకం. ఆపరేషన్ అయిన ఏడు తిమ్మక్క మామూలుగానే ఒడి కట్టుకుని సాల్లోకి దిగితే, ఆమె అత్త వచ్చి అందరి ముందరా ఒడి ముడి విప్పి గింజలన్నీ చాటలోకి వంపుకుంది. అప్పటినుంచి ముందు అత్త, ఇప్పుడు రేఖ పోస్తుంటే ఆమె గట్టు మీద నిలబడి చూడటమే. ఊళ్లో జానెడుకొక గింజ తప్పకుండా వదిలే చెయ్యి ఆమెదేనని పేరుండేది.

"పాప పెద్దదయితే పాప పోస్తుందిలే," అంది తిమ్మక్క.

సర్కారు ఆసుపత్రిలో డాక్టరమ్మ వయసులో చిన్నది, గొంతు బొంగురుపోయి ఉంది. బయట యాభై మంది వరసలో ఉన్నా రేఖను తెర వెనకాల పడుకోబెట్టి నిదానంగానే చూసింది. గర్భసంచి మూతి దగ్గర తడి తీసి పరీక్షకు పంపింది, స్కానింగు చేయించింది. మధ్యాహ్నం దాటాక ఇద్దర్నీ పిలిచి కూర్చోమంది.

"రక్తం ఎక్కించాల్సినంత తక్కువేమీ లేదు. మాత్రలతో పెరుగుతుంది. సంచి తీయాలని ఎవరు చెప్పారు?"

తిమ్మక్క డాక్టరు పేరు గొప్పగా చెప్పింది.

"సంచి బాగానే ఉందమ్మా. ఇది ఇన్ఫెక్షన్. రెండు వారాలు మందులు వాడితే తగ్గుతుంది. నీ భర్త కూడా వాడాలి, లేకపోతే మళ్లీ వస్తుంది. తీసిన పరీక్ష పది రోజుల్లో వస్తుంది, అప్పుడు ఇంకోసారి రండి. కానీ ఇరవై మూడేళ్ల పిల్లకు సంచి తీయాల్సినంత పని నాకైతే ఏమీ కనపడలేదు."

రేఖ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఆ మాటలు ఇంకోసారి చెబితే బాగుండునన్నట్టు చూస్తోంది. తిమ్మక్కకు మాత్రం కోపం వచ్చింది. ఈ నిన్నమొన్నటి పిల్ల ఆయప్పకు తప్పు పడుతుందా అనిపించింది.

"మీకు తెల్దమ్మా. మా ఇంట్లో ఇది ఉండేదే. నాకు గూడా వచ్చింది. ఆయప్పే బతికిచ్చినాడు. చూడండి కావాలంటే," అని కవరు తీసి బల్ల మీద పెట్టింది.

డాక్టరమ్మ కుంకుమ బొట్లు చూసి ఒక్క క్షణం ఆగి కాగితాలు బయటికి తీసింది. ఒక్కొక్కటే తిప్పింది. చివరి కాగితం నాలుగు మడతలు పెట్టి, తుప్పుపట్టిన గుండుసూదితో గుచ్చి ఉంది. పదహారేళ్లలో ఆ మడత ఎవరూ విప్పలేదు. ఆమె విప్పి చదివింది. మొదటికి వచ్చి మళ్లీ చదివింది.

"ఇందులో ఏముందో మీకు ఎవరైనా చెప్పారా?"

"క్యాన్సరని ఆయప్ప చెప్పినాడు గదమ్మా."

డాక్టరమ్మ పెన్నుకు మూత పెట్టి, మళ్లీ తీసింది. "మీకు తీసిన సంచిని ముక్క పరీక్షకు పంపారమ్మా. ఇది దాని రిపోర్టు. క్యాన్సర్ లేదు. గడ్డ లేదు. ముందు ముందు వస్తుందనే సూచన కూడా లేదు. కొంచెం వాపు ఉంది, అంతే. ఇప్పుడు మీ కోడలికి ఉన్నదే మీకూ ఉండి ఉంటుంది."

తిమ్మక్క ఆమె నోటివంకే చూస్తూ కూర్చుంది.

"ఇంకొకటి. సంచితోపాటు రెండు అండాశయాలూ తీసేశారు. ఎముకలకు బలం వాటినుంచే రావాలి. మీ నడుము అంత తొందరగా వంగడానికి అదొక కారణం."

"అంటే నాకేమీ రోగం లేదా అమ్మా?"

"మందులతో పోయేదే."

"నాకు అప్పటికి ఓబిలేషొక్కడే," అంది తిమ్మక్క. గొంతు ఎప్పటిలాగే ఉంది. "ఆడపిల్ల కావాలని ఉండె. పుట్టిండునా?"

"అది నేను చెప్పలేనమ్మా."

"పుట్టకూడదని లేదు గదా."

"లేదు," అంది డాక్టరమ్మ. "పుట్టకూడదని ఏమీ లేదు."

తిమ్మక్క కాగితం పాత మడతల మీదే మడిచి కవర్లో పెట్టింది. కుంకుమ వేలికి అంటుకుంది. చీరకు తుడుచుకుంది.

బస్టాండులో రెండు బస్సులు వెళ్లిపోయినా ఆమె లేవలేదు. సద్దిగిన్నె విప్పలేదు. రేఖ భయపడి, "అత్తా, ఏడువు. ఏడిస్తే బరువు తగ్గుతాది," అంది. తిమ్మక్క ఏడవలేదు. వేళ్లు మడిచి పేర్లు చెప్పుకుంటోంది. సుంకమ్మ, పుల్లన్న పెండ్లాం, తర్వాత ఇద్దరు. నాలుగు వేళ్లూ మడిచి అట్లాగే పట్టుకుని కూర్చుంది.

శనివారం సాయంత్రం వాన పడింది. గంటన్నర గట్టిగా కురిసి ఆగింది. నారాయణ చేలోకి పోయి మట్టిలో చెయ్యి దూర్చి చూసి వచ్చాడు. జానెడు లోతున పదును పట్టింది, సోమవారం విత్తనం వెయ్యాల్సిందే అన్నాడు. ముఖంలో సంతోషం దాచుకోలేకపోతున్నాడు పాపం.

"సోమవారం ఆపరేషన్ గదా నాయనా," అన్నాడు ఓబిలేష్. "మీరు విత్తండి. రేఖను నేను పిల్చుకపోతా."

"రేఖ యాడికీ రాదు," అంది తిమ్మక్క.

రొట్టెలు చేస్తున్న రేఖ చెయ్యి ఆగింది. తిమ్మక్క ఆసుపత్రిలో విన్నదంతా చెప్పింది, తన కాగితం సంగతి తప్ప. ఓబిలేష్ వింటూనే తల అడ్డంగా ఊపాడు.

"సర్కారు ఆసుపత్రోళ్ల మాట పట్టుకుంటే ఎట్ల మా? రేపు ఏమన్నా అయితే ఎవురు పడల్ల? ఆడ నేను సంతకం పెట్టేసినా."

"సంతకం నీ ఒంటికి పెట్టుకో. దాని కడుపుకు పెట్టేదానికి నువ్వెవురు?"

ఓబిలేష్ బిత్తరపోయాడు. తల్లి ఎప్పుడూ ఆ గొంతుతో మాట్లాడలేదు. ఆమె మాత్రల పట్టీ ఒకటి వాడి ముందు పెట్టింది.

"ఇవి నీకు. నువ్వూ మింగల్లంట."

"నాకేం రోగం?" అంటూ వాడు విసురుగా లేచి బయటికి పోయాడు.

నారాయణ మాత్రం కదల్లేదు. "ఏమ్మే, ఆ నర్సింగ్ హోమంటే నీకే గదా అంత గురి. ఇప్పుడేమైంది?"

అప్పుడు తీసింది ఆమె కవరు. ఏమి రాసి ఉందో చెప్పింది. దీపం పెట్టే గూటి కింద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. నారాయణకు ఆ ఇంగ్లీషు అక్షరాలు అర్థం కావు, అయినా కాగితం చేతిలోకి తీసుకుని పైనుంచి కిందిదాకా చూశాడు. అడుగున తన వేలిముద్ర లేదు. అది వేరే కాగితం మీద ఉంది.

"ఆ పొద్దు నువ్వే ముద్ర వేసినావు," అంది తిమ్మక్క.

"నువ్వు బతకల్లనే వేసినా మే," అన్నాడు నారాయణ. "నువ్వు చచ్చిపోతావన్నారు."

అది నిజం. ఆ నిజం మీద కోపగించుకోవడానికి కూడా ఆమెకు దోవ దొరకలేదు. కాగితం తీసుకుని కవర్లో పెట్టింది. గూటిలో మాత్రం పెట్టలేదు, బియ్యం డబ్బా మీద పడేసింది.

ఆదివారం పొద్దున్నే విత్తనం ఒలుపు. ఈ ఊళ్లో ఇంటికొక ఆడది బదులు పనికి వస్తుంది. ఈ పొద్దు నీ ఇంట్లో ఒలిస్తే రేపు నా ఇంట్లో ఒలవాలి. తిమ్మక్క పంచలో ఎనిమిది మంది చేరారు. కాయల మీద నీళ్లు చిలకరించి, మెత్తబడ్డాక బొటనవేలితో నొక్కి విప్పాలి. గింజ మీది ఎర్రపొర చిట్లితే అది మొలవదు, కూరలోకే. అందుకే విత్తనానికి మిషన్లో ఆడించరు.

మూడో మూట విప్పేసరికి సంగతి తెలిసిపోయింది. పోయినేటి ఎండకు కాయ లోపల గింజ ముడుచుకుపోయి ఉంది. పది కాయలు ఒలిస్తే మూడుకు మించి పనికిరావడం లేదు. ఐదు మూటలూ ఒలిచినా చేనుకు చాలదు. తిమ్మక్క గోడ పట్టుకుని లేచి, నిచ్చెన వేయించి, ఆరో మూట కిందికి దింపించింది. ఆ మూటకు ఎప్పుడూ ఏరిన కాయలే పోస్తుంది. మోకాళ్ల మధ్య పెట్టుకుని ఎర్రగుడ్డ ముడి విప్పబోతే విడిపడలేదు. పళ్లతో లాగింది.

"అక్కా, అది డాక్టరు మూట గదా?" అంది సుంకమ్మ.

"కాదు," అంది తిమ్మక్క. కాయలు చాట నిండా పోసి కూర్చుని, నాలుగు ఒలిచి, ఐదోది చేతిలో పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. తల ఎత్తలేదు. రేఖ సంగతి చెప్పింది, తన కాగితం సంగతి చెప్పింది. క్యాన్సర్ లేదు, గడ్డ లేదు అని డాక్టరమ్మ ఎలా అందో అలాగే అంది. చుట్టూ పటపటమని కాయలు విడే చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది.

పుల్లన్న పెండ్లాం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయితే మనయి?" అంది.

"తెల్దు. సదివిచ్చుకోవల్ల."

సుంకమ్మ చేతిలోని కాయ నేల మీద పెట్టింది. ఆమెకు ఒక్కతే కూతురు. ఆపరేషన్ నాటికి సుంకమ్మకు ఇరవై ఆరు.

"నేను రాను అంటి గదక్కా," అంది సుంకమ్మ. "గుర్తుందా? బస్టాండు కాడ వేపచెట్టు పట్టుకొని నిలబడితి. పానం ముఖ్యమా, బిడ్డ ముఖ్యమా అని నువ్వే గదా నా చెయ్యి విడిపిచ్చి ఎక్కిస్తివి."

"ఎక్కిస్తి," అంది తిమ్మక్క.

సుంకమ్మ ఒళ్లోని కాయలు చాటలోకి దులిపి, లేచి, చాట అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. పదును ఎవరికోసమూ ఆగదు కదా. మిగిలినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మళ్లీ కాయలు అందుకున్నారు. డాక్టరు మూటలో గింజ ఒక్కటీ వట్టిపోలేదు. ఒకదానికొకటి పోటీగా ఉన్నాయి. అది చూసేసరికి తిమ్మక్కకు దుఃఖం పొంగుకొచ్చింది. రెండు రోజులుగా రానిది అప్పుడు వచ్చింది. ఏడుస్తూనే ఒలిచింది. ఎవరూ ఊరుకోమనలేదు.

సోమవారం తెల్లవారగానే చేలోకి పోయారు. ఓబిలేష్ ఆసుపత్రి మాట ఎత్తలేదు. ఎవరితోనూ మాట్లాడకుండా ట్రాక్టరు కోసం పోయాడు. మాత్రల పట్టీలో మాత్రం ఒక గుంత ఖాళీగా ఉందని రేఖ అత్త చెవిలో వేసింది.

నారాయణ ఎద్దులకు మడక కట్టి మట్టికి మొక్కాడు. రేఖ ఒడి కట్టుకోవాలి. ఆమె విత్తనం చాట తీసుకుని అత్త దగ్గరికి వచ్చింది.

"నువ్వు పొయ్యి అత్తా."

"నేను పొయ్యగూడదు మే."

"ఎవురు చెప్పినారు? ఆ డాక్టరేనా?" అంది రేఖ. అడుగుతూనే అత్త నడుము చుట్టూ కొంగు తిప్పి, ఒడి కట్టి, చాటలోని గింజలు అందులో వంచింది. పొత్తికడుపు మీద ఆ బరువు పడి పదహారేళ్లయింది. తిమ్మక్క రెండు చేతులతో కిందినుంచి పట్టుకుంది.

నారాయణ వెనక్కి తిరిగి చూశాడు. ఎద్దుల పగ్గం చేతిలో బిగించాడు.

"మొలవకపోతే?"

"మొలవకపోతే వాన తప్పు అను, విత్తనం తప్పు అను. ఇంక నా తప్పని మాత్రం అనొద్దు."

నారాయణ ఎద్దులను అదిలించాడు. మడక మట్టిని చీల్చుకుంటూ కదిలింది. తిమ్మక్క వంగిన నడుముతోనే వెనకాల నడిచింది. నడుము వంగి ఉండటంతో సాలు దగ్గరగానే కనపడుతోంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి గింజలు జారుతున్నాయి, జానెడుకొకటి. వేళ్లు మరిచిపోలేదు. ఇన్నేళ్లూ గట్టు మీద నిలబెట్టిన చెయ్యి ఇదేనా అనుకుంటే కళ్లు మసకబారాయి. అయినా గింజ దారి తప్పలేదు.

సాలు చివర, గట్టు మీద సుంకమ్మ నిలబడి ఉంది. నిన్నటి చీరే. కళ్లు వాచి ఉన్నాయి. చేతిలో ప్లాస్టిక్ కవరులో మడతపెట్టిన కాగితాలు.

"ఆ డాక్టరమ్మ ఏ పొద్దు ఉంటాదక్కా?" అంది.

"రేపు పోదాం. నేను వస్తా."

సుంకమ్మ తల ఊపింది. కవరును ఛాతీకి ఆనించుకుంది.

"నాది నిజంగానే క్యాన్సరని రాసుండల్ల అని మొక్కుకున్నానక్కా," అంది మెల్లగా. "రోగమే అని రాసుండల్ల."

తిమ్మక్క ఆమె ముఖంలోకి చూడలేకపోయింది. ఒడిలో చెయ్యి పెట్టి రెండు పిడికిళ్ల గింజలు తీసి, కవరు పక్కకు జరిపి, సుంకమ్మ కొంగులో పోసింది. నారాయణ రెండో సాలుకు ఎద్దులను తిప్పాడు.